చేపల మీద సీలింగు

మా ఊళ్ళో చలిని దేవుడు తెస్తాడు, మంచును మాత్రం ఒరెస్ట్ పావ్లుక్ పోస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా మా టామరాక్ బే ఐస్ హాకీ రింకులో పలచగా నీళ్ళు చల్లి, అవి గడ్డకట్టాక మళ్ళీ చల్లి, అలా పది పొరలు పేర్చి, మధ్యలో తెల్లరంగూ ఎర్రగీతా నీలిగీతలూ వేసి, మా స్కేట్లకు అప్పజెప్పే మనిషి ఆయన. పొట్టివాడు. అరవై రెండేళ్ళు. ఆగస్టులో తప్ప రబ్బరు బూట్లు విప్పడు. మాట తక్కువ, గొణుగుడు ఎక్కువ. పిల్లల్నీ పాస్టరునీ ఒకే రకంగా కసురుతాడు. అయినా ఊరంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది, నేను తప్ప. నేను ఆయనకంటే రెండేళ్ళు పెద్దదాన్ని.

నా పేరు లొరెట్టా. ఈ ఊరి పోస్టాఫీసు ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాను. హాకీ రోజుల్లో గోల్స్ రాసేదీ గంట కొట్టేదీ కూడా నేనే. అందుచేత ఈ కథలో ఎవరేమన్నారో నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. ఎవరూ బుకాయించలేరు.

రెండువేల నాలుగు సెప్టెంబరులో పెద్ద హాకీ లీగు జట్ల యజమానులు లాకౌటు ప్రకటించి ఆటలు ఆపేశారు. ఆటగాళ్ళ జీతాలకు సీలింగు పెట్టాలని వాళ్ళు, చస్తే ఒప్పుకోమని ఆటగాళ్ళ యూనియన్. శనివారం సాయంత్రం టీవీ పెడితే హాకీ లేదు. కోట్లు తొడుక్కున్న మనుషులు మైకుల ముందు నిలబడి ఎదుటివాళ్ళు లెక్కలు దాస్తున్నారని చెప్పేవారు. మా వాళ్ళకు శనివారం ఏదో ఒకటి చూడకపోతే తోచదు కనుక ఆ మాటలనే ఆటలాగా చూశారు. పక్షం తిరక్కుండా ఊళ్ళో ప్రతివాడూ లాయరు అయిపోయాడు.

అది అక్కడితో ఆగేదే, గుద్రూన్ కొడుకు కెల్విన్ ఇంటికి రాకపోతే. మా ఊరినుంచి పెద్ద లీగుకు వెళ్ళిన ఏకైక మొనగాడు వాడే. ఆరడుగుల మూడంగుళాల మనిషి, లాకౌటు పుణ్యమా అని అమ్మ ఇంటి నేలమాళిగలో, తన పదేళ్ళప్పటి మంచం మీద ముడుచుకుని పడుకునేవాడు. ఒంటికి పని కావాలి కాబట్టి ఈ ఏడు ఊరి లీగులో ఆడతానని నా పోస్టాఫీసులో స్టాంపులు కొంటూ అన్నాడు. అదే వాడు చేసిన పొరపాటు. నా పోస్టాఫీసులో అన్నమాట మధ్యాహ్నానికల్లా సరస్సు అవతలి ఒడ్డుకు చేరుతుంది.

మా లీగులో నాలుగు జట్లు. చేపలవాళ్ళు, రైతులు, కలప మిల్లువాళ్ళు, ఈ మూడింటిలోనూ ఇమడని మంగలీ మాస్టారూ పాస్టరూ వగైరాలంతా కలిసి ‘మిగిలినవాళ్ళు’. జీతాలు లేవు. అయితే బాగా ఆడేవాడి ఇంటి మెట్ల మీద నవంబరులో ఎవరో ఒక చేపల సంచీ పెట్టిపోతారు. మరెవరో పంది తొడ పెడతారు. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. అదీ మా మర్యాద.

కెల్విన్ కోసం ఆ మర్యాద మంటగలిసింది. చేపలవాళ్ళ పెద్ద ఎయినార్ స్వయానా గుద్రూన్‌కు తమ్ముడు. అక్క ఇంటికి పట్టపగలే బండేసుకుని వచ్చి నలభై కిలోల పికరెల్ చేప దించాడు. అది విని రైతుల తరఫున ఏబ్రమ్ డ్యూక్ సగం దూడను మాటిచ్చాడు. మిల్లువాళ్ళు గ్యారేజీ కట్టుకోవడానికి కలప ఇస్తామన్నారు. మిగిలినవాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏముంది? మంగలి ఏడాదిపాటు ఉచిత క్షవరం అన్నాడు. వాళ్ళ నాయకుడు క్లారెన్స్ శవపేటికల వ్యాపారి.

“నేనివ్వగలిగేది ఒకటే ఉంది బాబూ,” అన్నాడు కెల్విన్‌తో. “మంచి ఓక్ చెక్క. కానీ నీకిప్పుడే అక్కర్లేదుగా.”

దాంతో ‘మిగిలినవాళ్ళు’ జట్టు ఎదురు తిరిగింది. చేపలకూ మాంసానికీ కలపకూ సీలింగు పెడితే తప్ప ఈ ఏడు ఆడేది లేదన్నారు. పెట్టనివ్వమని తక్కిన మూడు జట్లూ. అక్టోబరు మొదటి గురువారం ఉక్రెయిన్ చర్చి కింది హాల్లో చర్చలు మొదలయ్యాయి. రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. ఉడికించిన కజ్జికాయల్లాంటి పెరోగీలు ఉన్నాయి కాబట్టి నేనూ కాదనలేదు.

మొదటి రోజంతా తూకాలతోనే సరిపోయింది. పంది తొడకు ఎన్ని కిలోల చేప సమానం? పొగబెట్టిన చేప మామూలు చేపకు రెట్టింపా, ఒకటిన్నరా? అత్తగారు చేసిన ఆపిల్ పై, కొట్లో కొన్న ఆపిల్ పై ఒకటేనా?

“మా అత్త చేసిన పై అయితే సగమే లెక్కెయ్యాలి,” అన్నాడు ఎయినార్. “తిన్నవాడికి తెలుస్తుంది.”

“ముందు నీ ఫ్రీజరు తెరిచి చూపించు,” అన్నాడు క్లారెన్స్. టీవీలో విన్నది ఒక్క ముక్క వదల్లేదు. “లెక్కలు చూపించకుండా సీలింగు గురించి మాట్లాడేదేంటి? పారదర్శకత ఉండాలి.”

“నా ఫ్రీజరు నా ఇష్టం. నీ పేటికలు తెరిచి చూపిస్తావా నువ్వు?”

“ఖాళీవి చూపిస్తా, రా.”

అందరూ కెల్విన్ వైపు తిరిగారు. ఇందులో లాభపడేది వాడే కదా, వాడే ‘నాకేమీ వద్దు, ఉత్తినే ఆడతా’ అంటే పోతుందని మా ఆశ. వాడు పెరోగీ మింగి, తల గోక్కుని, “అలా అనలేనండీ,” అన్నాడు. “అక్కడ మావాళ్ళంతా జీతాలు వదులుకుని సీలింగు వద్దని కూర్చున్నారు. ఇక్కడ నేను చేపల సీలింగుకు ఒప్పుకున్నానని తెలిస్తే ఏ మొహం పెట్టుకుని వాళ్ళ దగ్గరకెళ్ళను? అది సూత్రం.”

“సూత్రమా?” అంది గుద్రూన్ బల్ల చివర నుంచి. “నా వంటింట్లో సీలింగు ఉంది, నీకు తెలుసా? రేపట్నుంచి రెండో గిన్నె సూపు లేదు.”

“అమ్మా, ఇది వేరు.”

“నీ సూత్రం నా మెట్ల మీద నలభై కిలోలు కంపు కొడుతోంది. ముందది కోసి కట్టలు కట్టు.”

గుద్రూన్ వాడికి తల్లి మాత్రమే కాదు, రింకు కమిటీకి అధ్యక్షురాలు కూడా. రెండు హోదాల్లోనూ ఒకే గొంతు. ఆ రోజే గడువు చెప్పేసింది. నవంబరు ముప్ఫైలోగా నాలుగు జట్లూ సంతకాలు పెట్టి రుసుము కడితేనే మంచు యంత్రం ఆన్ చేయిస్తుంది. ఆ రుసుముతోనే కరెంటు బిల్లు కడతారు. జట్లు లేకపోతే ఈ ఏడు రింకు తెరిచే ప్రశ్నే లేదు.

అప్పుడు ఒరెస్ట్ లేచాడు. ఆయన ఏ జట్టులోనూ లేడు. చర్చి హాలుకు పెరోగీల కోసమే వచ్చాడని అందరూ అనుకున్నారు.

“ఆ యంత్రం ముసలిది,” అన్నాడు. “ఏటా తిప్పుతున్నాం కాబట్టి తిరుగుతోంది. ఒక్క చలికాలం పడుకోబెట్టారంటే లోపలి రబ్బర్లు ఎండి పగుల్తాయి. ఇంక లేవదు. ఆ రబ్బర్లు ఇప్పుడెక్కడా దొరకవు. కొత్త యంత్రం కొనే తాహతు మనకుందా?”

“లేదు,” అంది గుద్రూన్.

“అదే చెప్తున్నా. మీరు ఈ ఏడు ఆడకపోతే ఇంకే ఏడూ ఆడరు.”

 ఎయినార్, “బాబాయ్ ఏటా ఇలాగే భయపెడతాడు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ రోజు మేమంతా పిల్లులమే.

అలా ఐదు గురువారాలు గడిచాయి. ఆరోసారికి ఫ్రీజర్ల తనిఖీకి ఒప్పందం కుదిరింది. క్లారెన్సూ నేనూ మిల్లు మేనేజరూ కలిసి ఇల్లిల్లూ తిరిగాం. ఊరివాళ్ళ ఫ్రీజర్లలో ఏముంటుందో ఆ రెండు రోజుల్లో నాకు తెలిసినంత పాస్టరుకు కూడా తెలిసుండదు. ఒకరి దగ్గర పెళ్ళినాటి కేకు ముక్క ఉంది, పెళ్ళి మాత్రం లేదు. ఎయినార్ ఫ్రీజరు అడుగున అర పంది దొరికింది. దానికో చీటీ: ‘ఎయినార్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలతో, ఏబ్రమ్.’

చేపలవాళ్ళ నాయకుడి ఇంట్లో రైతుల నాయకుడి పంది! క్లారెన్స్ కళ్ళు వెలిగిపోయాయి. తర్వాతి గురువారం చర్చి హాల్లో చీటీని బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఇది జీతం కాదు. స్నేహం,” అన్నాడు ఏబ్రమ్, చెవులు ఎర్రబడగా. “వాడి పడవ మా వాడిని తుఫానులోంచి లాక్కొచ్చింది. పదకొండేళ్ళుగా ఇస్తున్నా.”

“పదకొండేళ్ళుగానా? రాసుకో లొరెట్టా, పదకొండు అర పందులు.”

“ఒరేయ్ క్లారెన్సూ, నీ తల్లి పోయినప్పుడు ఊరంతా నీకు వంటలు తెచ్చింది. అవీ రాయించమంటావా?”

“రాయించు! అన్నీ రాయించు! స్నేహం పేరుతో సీలింగు దాటేస్తామంటే ఎలా?”

అంతే, చర్చలు ఆ పందితో కూలిపోయాయి. స్నేహానికిచ్చింది లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు. ఊరికి జరిగిన నష్టం మాత్రం వెంటనే తేలింది. లెక్కలో రాస్తారేమోనని జనం ఒకరికొకరు ఏదీ ఇవ్వడం మానేశారు. ఆ వారం నా మెట్ల మీద చేప లేదు. నేను హాకీ కర్ర పట్టి ముప్ఫై ఏళ్ళయింది, నాకెవరు జీతమిస్తారు? అయినా పెట్టలేదు. పక్కింటావిడ జామ్ సీసా ఇచ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చి ‘ఇది అరువు’ అని చెప్పి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

 చర్చలు కూలిన రాత్రి ఒరెస్ట్ తినే ఫోర్కు కింద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి నవంబరు పద్దెనిమిది. తర్వాత తొమ్మిది రోజులు ఆయన పోస్టాఫీసుకు రాలేదు, కాఫీకి రాలేదు, చర్చికీ రాలేదు. ఊరికి దూరంగా కొసన, తాళం వేసిన రింకు దగ్గర ఆయన ట్రక్కు నిలబడి ఉండడం చూశామన్నారు. అలిగాడనుకున్నాం. అలిగితే అలగనీ, ఆకలేస్తే వస్తాడని నేనే అన్నాను.

ఇరవై ఏడు, శనివారం. గడువుకు ఇంక మూడే రోజులు. పొద్దున పది గంటలకు రొట్టె కోసం బయల్దేరి, దారిలో సరస్సు వైపు చూశాను. ఒరెస్ట్ ఒక్కడే నడి మంచులో పార పట్టుకుని ఉన్నాడు. కురిసిన మంచునంతా నాలుగు వైపులకూ నెట్టేసి, రింకంత జాగా నున్నగా తీశాడు. ఆ ఏడు చలి ముందే వచ్చి సరస్సు గట్టిగానే గడ్డకట్టింది. చిన్న కన్నం తవ్వి బకెట్టుతో నీళ్ళు తోడి పైన పోస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

మా దగ్గర సరస్సు మీద ఎవరైనా మంచు ఊడ్చారంటే అదే పిలుపు. నోటితో పిలవనక్కర్లేదు. ఊడ్చిన మంచును చూస్తూ ముందుకు పోగలిగిన మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. అరగంటలో ఒడ్డున ట్రక్కులు బారులు తీరాయి. ఎయినార్ వచ్చాడు. ఏబ్రమ్ వచ్చాడు, ఎయినార్‌కు ఇరవై గజాల దూరంలో నిలబడి స్కేట్ల తాళ్ళు కట్టుకున్నాడు. క్లారెన్స్ నల్లకోటుతోనే దిగాడు, మధ్యాహ్నం ఆయనకో అంత్యక్రియ ఉంది. గుద్రూన్ వాళ్ళాయన కాలంనాటి కర్ర తీసుకొచ్చింది. కెల్విన్ తన కొత్త కర్రతో వచ్చాడు, దాని ఖరీదుతో నా పొయ్యి కొనుక్కోవచ్చు.

“కర్రలు,” అన్నాడు ఒరెస్ట్.

సరస్సు మీద ఆటకు ఒకటే చట్టం. అందరూ కర్రలు మధ్యలో కుప్ప వేస్తారు. ఆటలో దిగనివాడొకడు ఉన్ని టోపీ కళ్ళమీదికి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, చేతికందిన కర్ర అందినట్టు ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ విసురుతాడు. నీ కర్ర ఎటు పడితే నువ్వటు. దానికి అప్పీలు లేదు, గొణుగుడు లేదు. ముప్ఫై రెండు కర్రలు కుప్పపడ్డాయి. ఒరెస్ట్ టోపీ లాక్కుని విసరడం మొదలుపెట్టాడు.

కెల్విన్ కర్ర ఎడమకు పడింది. వాడి పక్కన క్లారెన్సూ, మంగలీ, పాస్టరూ, డెబ్భై ఏళ్ళ డాక్టరు గారూ. కుడిపక్క ఎయినారూ ఏబ్రమూ ఇద్దరూ. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఆట మొదలైంది. రెండు నిమిషాలకు ఎయినార్ కర్ర కిందికి, బంతికి బదులు మేం కొట్టే రబ్బరు బిళ్ళ వచ్చింది, ముందు ఏబ్రమ్ తప్ప ఎవరూ ఖాళీగా లేరు. ఎయినార్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఆలోచన ఒడ్డున ఉన్న నాకు కూడా కనపడింది. తర్వాత బిళ్ళ అందించాడు, ఏబ్రమ్ గోలు కొట్టాడు, ఇద్దరూ కౌగలించుకుని మంచు మీద దభీమని పడ్డారు.

కెల్విన్ జట్టు ఆరుకు తొమ్మిది గోల్స్‌తో ఓడిపోయింది. అందులో ఒకటి గుద్రూన్ కొట్టింది, కన్నకొడుకు కర్ర కిందనుంచి బిళ్ళ లాక్కుని మరీ.

“అమ్మా, అది ఫౌలు!”

“యూనియన్‌కు చెప్పుకో పో!”

మళ్ళీ కర్రలు కుప్ప వేశారు. మళ్ళీ విసిరారు, మళ్ళీ ఆడారు. మూడో ఆట మధ్యలో క్లారెన్స్ వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ చుట్టూ చూశాడు.

“నాకో సంగతి అర్థం కావడంలేదు,” అన్నాడు. “ఇప్పుడు నేనెవరి జట్టు? నిన్నటి లెక్కన చేపలు ఎవరు ఎవరికివ్వాలి?”

“ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు,” అన్నాడు ఒరెస్ట్ పార మీద గడ్డం ఆనించి. “లోపల కూడా ఇలాగే ఆడండి. ప్రతి శనివారం కర్రల కుప్ప వెయ్యండి, నేను విసురుతా. వచ్చేవారం ఎవడు ఎవడి పక్కన ఆడతాడో తెలియనప్పుడు పంది తొడ ఎవడికని ఇస్తారు? ఇచ్చారంటే స్నేహానికిచ్చినట్టే. చీటీ రాసి మరీ ఇచ్చుకోండి.”

ఎయినార్ తలాడించాడు, ఏబ్రమూ ఆడించాడు. మిల్లు మేనేజరు మాత్రం “మరి కప్పు ఎవరికి?” అన్నాడు. కప్పంటే గొప్పదేం కాదు, మూత పోయిన కాఫీ మరగబెట్టే పాత్ర.

“నా పోస్టాఫీసులో ఉంటుంది,” అన్నాను. “పెన్నులు పెట్టుకుంటా.”

కెల్విన్ మొహం వికసించింది. “ఇందులో సీలింగు లేదు, జీతమూ లేదు! మావాళ్ళకు ధైర్యంగా చెప్పుకోవచ్చు!” అన్నాడు. పాపం, పెద్ద లీగువాళ్ళ చేత ఎవరూ కర్రలు కుప్ప వేయించలేదు. ఫిబ్రవరిలో ఆ ఏటి ఆటలన్నీ రద్దు చేసుకున్నారు.

గుద్రూన్ నా పుస్తకం తీసుకుని ట్రక్కు బానెట్ మీద పెట్టింది. నాలుగు జట్ల సంతకాలు కావాలని నిబంధన. ఇప్పుడు జట్లే లేవు కాబట్టి ముప్ఫై రెండు మందిచేతా సంతకాలు పెట్టించింది, రుసుము అందరూ పంచుకునేట్టు రాయించింది. చలికి ఎవరి సంతకమూ వాళ్ళకే గుర్తుపట్టేట్టు లేదు.

“సరే ఒరెస్ట్,” అంది. “వెళ్ళి యంత్రం ఆన్ చెయ్యి. పది రోజులు పడుతుందిగా, డిసెంబరు పదకొండున మొదటి ఆట పెట్టుకుందాం.”

ఒరెస్ట్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. “పది రోజులు పట్టదు.”

“అంటే?”

 ఒరెస్ట్ పార భుజాన వేసుకుని ఒడ్డెక్కి రింకు వైపు నడిచాడు. మేమంతా స్కేట్లు మెడలో వేసుకుని వెనకాల నడిచాం. దగ్గరకు వెళ్తుంటే గోడ లోపలినుంచి యంత్రం చప్పుడు వినపడింది. ఒరెస్ట్ తాళం తీసి, తలుపు తోసి, దీపాలు వేశాడు.

మంచు పరిచి ఉంది. పది పొరలూ ఉన్నాయి. తెల్లరంగు, ఎర్రగీత, నీలిగీతలు, నడుమ వలయం, అన్నీ ఉన్నాయి. ఒక్క గీటు లేదు. 

“ఎవరు చెయ్యమన్నారు?” అంది గుద్రూన్.

“ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిదిన తిప్పి చూశా. అప్పటికే మూలుగుతోంది. ఇంకో వారం ఆగితే పోయేది. మీ పందుల తగువు తేలేదాకా అదాగుతుందా?”

“మేం ఒప్పుకోకపోతే? కరెంటు బిల్లు?”

“పడవ బేరం పెట్టా. సోమవారం గిమ్లీ నుంచి మనిషొస్తాడు.”

ఆ పడవ ఆయన భార్య బతికుండగా ఇద్దరూ కలిసి కొనుక్కున్నది. ఊళ్ళో అందరికీ తెలుసు. నేను తొమ్మిది రోజులుగా ఆయన్ని అలిగాడని తిట్టుకున్నాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది కూడా.

“రానీ,” అన్నాడు ఎయినార్. “కాఫీ ఇచ్చి పంపించేద్దాం.”

“బిల్లు మొదటి రోజునుంచీ కమిటీదే,” అంది గుద్రూన్. “లొరెట్టా, రాసుకో.” రాసుకున్నాను.

తర్వాత ఎవరూ కదల్లేదు. ముప్ఫై రెండు మంది గేటు దగ్గర నిలబడ్డారు, కొత్త మంచు మీద మొదటి గీత తాను గీస్తానని ఒక్కడూ అనలేదు. “ఏంటీ, చావింట్లోలాగా నిలబడ్డారు?” అని ఒరెస్ట్ విసుక్కున్నాడు. కెల్విన్ ఆయన్ని బెంచీ మీద కూలేసి, రబ్బరు బూట్లు లాగేసి, యంత్రం గదిలో మేకుకు వేలాడుతున్న ఆయన పాత స్కేట్లు తెచ్చి, మోకాలి మీద కూర్చుని తనే తాళ్ళు బిగించాడు.

“వదలరా, నాకు పనుంది!”

“ముందు నువ్వెళ్ళు బాబాయ్.”

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన మంచు పోసేవాడు, మేం గీకేవాళ్ళం, ఆయన మళ్ళీ పోసేవాడు. తన మంచు మీద మొదటి గీత తానే గీయడం అదే మొదటిసారి. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి ఎక్కడైనా బుడగ ఉందేమోనని వెతుక్కుంటూ, మెల్లగా ఒక చుట్టు తిరిగాడు.  గేటు దగ్గరకు వచ్చి ఆగి, మా అందరి మొహాలూ చూశాడు. తర్వాత మా కాళ్ళు చూశాడు.

“బూట్లకు ఇసుక ఉంది. దులుపుకుని దిగండి, వెధవల్లారా.”